రెట్టింపు కరెంటు తాగిన ఆంప్

నాన్న ప్లగ్గు పెట్టి స్విచ్చు మీద వేలు వేసిన క్షణంలోనే, జోనలిన్ కళ్ళు గిటార్ మోత పెంచే ఆంప్ వెనకున్న చిన్న రేకు మీద పడ్డాయి. 100 వోల్టులు.

"నాన్నా, ఆగు!"

నెస్టర్ ఆగలేదు. స్విచ్చు టిక్కుమంది.

మనీలా పక్కన మలబోన్‌లో జపాన్ సెకండ్ హ్యాండ్ సామాను కొన్న ప్రతివాళ్ళూ ఒక్కసారైనా చేసే తప్పే అది. సరుకు మంచిది, చవక కూడా. కాకపోతే అన్నీ వంద వోల్టులవి. మన గోడల్లో ఉండేది రెండొందల ఇరవై. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకపోతే అంతే సంగతులు. కటింగ్ షాపు ఓకా మామయ్య హెయిర్ డ్రయ్యర్ అలాగే పోయింది. వాళ్ళ సందులో రైస్ కుక్కర్లు ఎన్ని పోయాయో లెక్కే లేదు.

ఆంప్‌లోంచి సన్నగా పొగ వచ్చింది, మాడు కంపు కొట్టింది. ఎర్ర దీపం మాత్రం ఆరలేదు.

"నువ్వొచ్చేలోపు రెడీగా పెడదామనుకున్నానే," అన్నాడు నెస్టర్. రోజూ సందులోకొచ్చే మోకాల్లోతు సముద్రపు పోటు నీళ్ళలో, ఒక్క చుక్క తగలనివ్వకుండా దాన్ని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చిన మనిషి.

జోనలిన్‌కి డిగ్రీ అయి ఎనిమిది నెలలు. ఉద్యోగం లేదు. బాగా వచ్చిన పని ఒక్కటే, బేస్ గిటార్. పెళ్ళిళ్ళకి వాయించే రోమెల్ బ్యాండులో బేస్ వాయించేవాడు ఓడలో పనికి వెళ్ళిపోయాడని తెలిసి ఆ చోటు అడగడానికి వెళ్తే, రోమెల్ నవ్వాడు. "సొంత ఆంప్ ఉంటే వాయించడానికి రా చెల్లీ. లేకపోతే కుర్చీలెయ్యడానికి రా." ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా దీనికే పెట్టింది మరి.

"ఒకసారి వాయించి చూడు," అన్నాడు నాన్న, మొహం చూడలేక.

అన్నిటికన్నా లావు తీగ మీటింది. శబ్దం చెవికి కాదు, అరికాళ్ళకి వచ్చింది. బయట సందులో నిలబడ్డ పోటు నీళ్ళు ఒక మెట్టు వెనక్కి జరిగాయి.

సందు మొదట్లో పన్సిత్ నూడుల్స్ అమ్ముతున్న వాళ్ళమ్మ పాసింగ్ కేకేసింది. "మళ్ళీ కొట్టవే! బల్ల కాళ్ళు బయటపడ్డాయి!"

మళ్ళీ కొట్టింది. నీళ్ళు ఇంకో మెట్టు జరిగాయి.

"రెట్టింపు కరెంటు తాగింది కదా, అరక్క ఎటో ఒకవైపు పోవాలిగా," అన్నాడు ఓకా మామయ్య, అని మళ్ళీ ఎవరిదో గడ్డం గియ్యడంలో పడ్డాడు.

ఆ సందులో ప్రతి వంటింట్లో పోటు వేళలు వేసిన క్యాలెండరు ఉంటుంది. అప్పట్నించి ఆ వేళల పక్కన జోనలిన్ పేరు కూడా రాసుకున్నారు. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకోకుండా తొడుక్కునే బడికెళ్ళారు. ఇదివరకు "ఆ దడదడ ఆపవే" అన్నవాళ్ళే ఇప్పుడు గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, దుప్పట్లు ఆరేశాను, ఇంకో రెండు పాటలు వాయించు" అంటున్నారు. వేళ్ళు కాయలు కాసిపోయాయి. మోత తగ్గి వాయిద్యం తేలింది.

నెస్టర్ పని ఇళ్ళల్లో నేల ఎత్తు పెంచడం. సొంతింటి నేల మూడుసార్లు లేపి, ఇప్పుడు తన గుమ్మంలో తనే వంగి నడుస్తాడు. "నా పనికి ఎసరు పెట్టిందండీ," అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. వెంటనే, "మా అమ్మాయే," అనేవాడు.

ఒకరోజు తనూ తీగ మీటి చూశాడు. నీళ్ళు కదల్లేదు.

"నీ వేళ్ళకి సిమెంటే తెలుసు," అన్నాడు ఓకా మామయ్య.

జోనలిన్ వాయిస్తే నీళ్ళు జరుగుతాయన్న మాట ఆ నోటా ఈ నోటా పడి రోమెల్ దాకా వెళ్ళింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని వచ్చి, పొడి సందులో నిలబడి, తన కాళ్ళవంక చూసుకుని సిగ్గుపడ్డాడు. పన్సిత్ తింటూ నాలుగు పాటలు విన్నాడు.

"శనివారం నాలుగింటికి, మనీలాలో హోటల్లో పెళ్ళి. ఆంప్ తీసుకుని వచ్చెయ్."

"వాయించడానికా, కుర్చీలెయ్యడానికా?"

"కుర్చీలు నేనేస్తాలే తల్లీ."

జోనలిన్ క్యాలెండరు వంక చూసింది. నెలలోకెల్లా పెద్ద పోటు శనివారం నాలుగింటికే. ఆ వేళకి తను సందులో ఉండదు. రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి అమ్మతో చెప్పింది.

"అయితే ఏంటి? మాకు రబ్బరు బూట్లున్నాయి," అంది పాసింగ్. "వాడక బూజు పడుతున్నాయి కూడా. వెళ్ళు."

శనివారం మధ్యాహ్నానికి, నీళ్ళు ఇంకా రాకుండానే, సందంతా బూట్లేసుకుని బయటికొచ్చింది. నెస్టర్ ఆంప్ నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. దారిలో అడగనివాళ్ళకి కూడా చెప్పాడు, "పెద్ద హోటల్. పెళ్ళి."

వాళ్ళెక్కిన షేర్ బండి, జీప్నీ, సగం దూరం వెళ్ళేసరికి పాసింగ్ ఫోన్ చేసింది.

"ఏమే, పోటు ఎక్కే టైమయింది, సందులో నీళ్ళు లేవు! మా అందరికీ ఊరికే బూట్లేయించావు!"

జోనలిన్ వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద, జీప్నీ వెనకాలే, ట్రాఫిక్‌కి అడ్డం రాకుండా ఓ పక్కగా, మలబోన్ పోటు నీళ్ళు వస్తున్నాయి. చీలమండ లోతు. అందులో రెండు చిన్న చేపలు, ఓకా మామయ్య చెప్పు ఒకటి. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు బెదిరి వెనక్కి జరిగాయనుకుంది ఆ పిల్ల. కాదు. వాయించేవాళ్ళకి చోటిచ్చి, కాస్త దూరంగా కూర్చుని విన్నాయి, అంతే.

ఇప్పుడు హోటల్ ముందర నెస్టర్ ఆంప్‌తో నిటారుగా నిలబడి ఉన్నాడు. ఇక్కడ గుమ్మం ఎత్తు కదా, వంగక్కర్లేదు. లోపల రోమెల్ గిటార్ శ్రుతి చేస్తున్నాడు. పాలరాతి మెట్ల కింద నీళ్ళు ఆగి, చప్పుడు లేకుండా చూస్తున్నాయి.

గార్డు జోనలిన్ వైపు, నీళ్ళ వైపు చూసి, "అమ్మాయ్, ఇవి మీతో వచ్చినవేనా?" అన్నాడు.

అవునంటే తనని లోపలికి రానివ్వరు. కాదంటే, ఇంత దూరం తన కోసం వచ్చినవాటిని బయట నిలబెట్టినట్టు. నాలుగవడానికి రెండు నిమిషాలుంది. జోనలిన్ మిమ్మల్నే అడుగుతోంది, ఏం చెప్పమంటారు?