గుడ్లు పెట్టనిది ఏది?

"తప్పు జవాబులు మూడూ వచ్చాయా, ఓసారి చూడు" అంది పిన్ని గిన్నెలు తోముతూనే.

నేను వంటగది గడప దగ్గర పీట మీద కూచుని కార్డులు రాస్తున్నాను. ఒళ్ళో పరీక్ష అట్ట, దాని మీద కార్డు, పక్కన పిన్ని ఇచ్చిన క్యాలెండరు కాగితాలు. అయిపోయిన నెలల కాగితాలు చింపి, వెనక తెల్లగా ఉన్న వైపు ప్రశ్నలు రాసేది పిన్ని. కూర ఉడికేలోపు ఒకటి, తన కొడుకు బుజ్జిగాడు నిద్రపోతే రెండు, బట్టలు నానేలోపు ఇంకోటి. కొన్ని కాగితాల మీద పసుపు చేతి వేళ్ళు కూడా పడేవి. వాటిని నేను నీలం సిరాతో మంచి అట్టల మీద ఎక్కించేదాన్ని. ప్రశ్న పైన, నాలుగు జవాబులు కింద, సరైనదాని పక్కన చిన్న చుక్క.

"సరైన జవాబు రాయడం ఎంతసేపే? తప్పు జవాబులతోనే చావు. మూడూ నిజంలాగే కనబడాలి, ఒక్కటి కూడా నిజం కాకూడదు" అనేది పిన్ని.

నాకప్పుడు పదిహేనేళ్ళు. ఊళ్ళో పదో తరగతి పరీక్షలు రాశాను. ఫలితాలు వచ్చేదాకా సిటీలో పిన్నికి సాయంగా ఉండమని అమ్మ పంపింది. సాయమంటే బుజ్జిగాణ్ణి ఎత్తుకోవడం అనుకున్నాను. వచ్చిన మూడో రోజు బాబాయ్ నా చేతిరాత చూసి "ముత్యాలే!" అని కార్డుల కట్ట నా చేతిలో పెట్టాడు. టీవీలో కొత్తగా మొదలైన ప్రశ్నల ఆటకి ప్రశ్నలు తయారుచేయడం బాబాయ్ ఉద్యోగం. ఆ ఆట ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది, రాత్రి భోజనాల వేళ ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా దాని పాటే వినబడుతుంది. ఇప్పుడైతే ఒక్కో ప్రశ్నని నలుగురు సరిచూస్తారట. ఆ మొదటి వారాల్లో మా పిన్ని వంటగది తప్ప ఇంకేం లేదు. ఆడటానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు. వీధిలో పంచమని బాబాయ్ తెచ్చిన దరఖాస్తులు నాకిస్తే, ఎవరి గుమ్మం ముందూ నోరు పెగలక, కట్ట కట్టినట్టే తెచ్చి టీవీ కింద అరలో పెట్టేశాను.

ప్రశ్నలు ఎవరివి అన్నది నాకు మొదటి నుంచీ అయోమయంగానే ఉండేది. బాబాయ్ సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, కార్డులు ఒక్కొక్కటీ తిప్పుతూ "ఇది బాగుంది, ఇది తీసెయ్, ఇది మార్చు" అనేవాడు. పక్కింటాయన వస్తే "రోజుకి ఇరవై ప్రశ్నలు పుట్టించాలంటే మాటలా బావా, బుర్ర వాచిపోతుంది" అనేవాడు. పక్కింటాయన ఆ బుర్రని మెచ్చుకునేవాడు. పిన్ని టీ తెచ్చి ఇచ్చేది. నేను పిన్ని మొహంలోకి చూసేదాన్ని, అక్కడ ఏమీ ఉండేది కాదు. కష్టమంతా ఆమెదైతే ఆమెకి కోపం రావాలి కదా, రావట్లేదంటే బాబాయ్ చేసేదే అసలు పనేమో, రాయడం కన్నా ఏరడం పెద్ద పనేమో, నాకు తెలియట్లేదేమో అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే పిన్ని నవ్వి, వాళ్ళత్తగారి మాట చెప్పింది. "చదువుకున్న కోడల్ని తెచ్చుకుంటే పొట్లాం కాగితాలు చదువుతూ కూర మాడబెడుతోంది" అనేదట ఆవిడ. "ఇప్పుడు చదువుకుంటూ కూర మాడకుండా చూసుకుంటున్నా. అంతవరకు ఎదిగాను" అంది. అది జోకో బాధో కూడా నాకు అర్థం కాలేదు.

ఆ ప్రశ్న మూడో వారంలోది. వీటిలో గుడ్లు పెట్టనిది ఏది? తాబేలు, బల్లి, గబ్బిలం, పీత. గబ్బిలం పక్కన చుక్క.

బాబాయ్ దాన్ని చూసి మొహం చిట్లించాడు. "పీతేంటి, టీవీలో చూపించడానికి? ఏదైనా పెద్దది ఉండాలి. పీత కొట్టేసి తిమింగలం రాయి."

తిమింగలం చేప కాదు, పిల్లని కని పాలిస్తుంది అని తొమ్మిదో తరగతిలో మా సైన్సు మేడం చెప్పింది. ఆ పాఠంలో బొమ్మ కుడివైపు పేజీలో ఉండేదని కూడా నాకు గుర్తుంది. అయినా పెన్ను ఆగిందే గాని నోరు తెరుచుకోలేదు. బాబాయ్ ఇంత పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, ఆయనకి తెలియకుండా ఉంటుందా? సిటీ పుస్తకాల్లో వేరేగా ఉందేమో. మా మేడమే తప్పు చెప్పిందేమో. ఇలా అనుకుంటూ అనుకుంటూ, పాత కార్డు చింపేసి కొత్త కార్డు మీద తిమింగలం అని రాసేశాను. చక్కగా, ముత్యాల్లా.

ఆ కార్డు టీవీలో వచ్చిన రోజు ఆట కుర్చీలో కూర్చున్నది బట్టలు కుట్టే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. ప్రశ్న వినగానే చేతిలో లేని టేపుని వేలికి చుట్టుకుంటున్నట్టు వేళ్ళు కదిపింది. "తిమింగలం అండీ" అంది. "గబ్బిలం కూడా పెట్టదు గానీ, తిమింగలం అయితే ఖాయం. పిల్లకి పాలిస్తుంది కదండీ."

ఆట నడిపేవాడు కార్డు చూసి, తప్పన్నట్టు తల ఊపి, ప్రేక్షకుల వైపు తిరిగి "ఏమ్మా, మీరెప్పుడైనా తిమింగలానికి పాలు పితికారా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి, ఎటు వెళ్ళాలో తెలియక ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగి, ఎవరో చెయ్యి చూపించాక వెళ్ళిపోయింది. మా ఇంట్లో బాబాయ్ కూడా నవ్వాడు. నేను బుజ్జిగాడి చొక్కా గుండీలు పెడుతున్నాను. పెట్టినవే తీసి మళ్ళీ పెట్టాను. పిన్ని వంటగదిలోంచి రాలేదు.

వారం తిరిగేసరికి ఉత్తరాలు వచ్చాయి. బడి పంతుళ్ళు రాశారు, పిల్లలు రాశారు, ఆ బట్టలు కుట్టే ఆవిడా రాసింది. బాబాయ్‌కి ఆఫీసు నుంచి డైరెక్టరు గారి ఫోను. నేను నేల తుడుస్తూ విన్నాను.

"అది... మా ఆవిడ రాసింది సార్. అవునండీ, ఇంట్లో ఊరికే సరదాగా రాస్తుంటుంది. నేను చూసుకోలేదు. ఇక రానివ్వను సార్."

ఇన్ని వారాలుగా ఏ ప్రశ్నా పిన్నిది కాదు. ఇప్పుడు ఈ ఒక్కటి మాత్రం పిన్నిది అయింది. అందులోనూ పిన్నిది కాని ముక్క వల్లే. లెక్కలో ఇలాంటిది వస్తే ఎక్కడో పొరపాటు చేశామని వెనక్కి వెళ్ళి చూసుకుంటాం. ఇక్కడ ఎంత వెనక్కి వెళ్ళాలో నాకు తెలియలేదు.

అన్నాల దగ్గర పిన్ని అడిగింది. "ఆవిణ్ణి మళ్ళీ పిలుస్తారా?"

"ఎందుకు పిలుస్తారు? కార్డు మీద ఏముంటే అదే ఖాయం. ప్రశ్న తయారుచేసినవాళ్ళు తప్పయిందని రాసిస్తేనే మళ్ళీ పిలవాలని రూలు. నేను రాసిస్తే నా కొంప మునగదూ?"

"రాసింది నేనేనని చెప్పారుగా. నేను రాసిస్తాను."

"నువ్వెవరని రాసిస్తావు?" బాబాయ్ తిట్టలేదు, నిజంగానే అడిగాడు. "నీ పేరు ఏ కాగితం మీదుందని? మజ్జిగ పొయ్యి."

పిన్ని మజ్జిగ పోసింది.

మర్నాడు బాబాయ్ వెళ్ళాక, టీవీ కింద అరలోంచి దరఖాస్తు ఒకటి తీసి నా ముందు పెట్టింది. "నీ చేతిరాత బాగుంటుంది, నింపు. నేను ఆటకి వెళ్తాను." నేను తెల్లబోయాను. ప్రశ్నలన్నీ తనే రాసి తనే ఎలా ఆడుతుంది? అది మోసం కాదా? తిమింగలం సంగతి వదిలేసి తన సరదా చూసుకుంటోందా? అడగలేక పేరు రాశాను, వయసు రాశాను. వృత్తి దగ్గర గృహిణి అని రాయబోతే "ఆగు, ఖాళీగా ఉంచు" అంది. కిందికి వస్తే ఒక వరస ఉంది: ఈ కార్యక్రమంతో మీకు ఏదైనా సంబంధం ఉందా? ఉంటే వివరించండి.

"ఉంది అని రాయి. మొదటి రోజు నుంచీ ప్రశ్నలు తయారుచేస్తున్నాను. ఈ విషయం మా వారు డైరెక్టరు గారికి స్వయంగా చెప్పారు."

"ఇలా రాస్తే రానివ్వరు పిన్నీ."

"రానివ్వరు" అంది పిన్ని హాయిగా.

నాకు మతి పోయింది. ఆ కంగారులో, ఎన్నాళ్ళుగానో దాచుకున్నది బయటికి వచ్చేసింది. "పిన్నీ, తిమింగలం తప్పని నాకు ముందే తెలుసు. బాబాయ్ మార్చమన్నప్పుడే తెలుసు. చెప్పలేదు."

పిన్ని తిడుతుందనుకున్నాను. ఆమె బుజ్జిగాణ్ణి ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"నేనూ చూశానే" అంది. "కార్డులకి రబ్బరు బ్యాండు వేసేటప్పుడు పైనే ఉంది. చెబితే మొహం మాడ్చుకుంటారు, రెండు రోజులు మాట్లాడరు, ఎందుకొచ్చిన గొడవలే అనుకున్నా. ఏమవుతుంది, ఒక కార్డేగా అనుకున్నా." తర్వాత గొంతు తగ్గించి అంది. "తెలిసి మనమిద్దరం నోరు మూసుకున్నాం. తెలిసి నోరు విప్పినావిడ కదే బయటికి పోయింది."

నాకు బాబాయ్ మీద రావలసిన కోపం ఎటు వెళ్ళాలో తెలియక నా మీదికి వచ్చింది, అక్కడి నుంచి మళ్ళీ ఆయన మీదికి వెళ్ళింది. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకపోవడం మంచితనం అని నాకు చిన్నప్పటి నుంచీ మార్కులు వేసినవాళ్ళందరూ గుర్తొచ్చారు. ఆ మంచితనం వల్ల ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ హాలు నిండా జనం ముందు నవ్వులపాలైంది. ఇది మంచితనమైతే చెడ్డతనం ఇంకెలా ఉంటుంది? దరఖాస్తు మడిచి, జిగురు అంటించి, నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

పది రోజులకి జవాబు వచ్చింది. బాబాయ్ చొక్కా తొడుక్కుంటుండగా పోస్టుమాన్ పిన్ని పేరు పెట్టి పిలిచాడు. ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరైనా గట్టిగా పిలవగా నేను వినడం అదే మొదటిసారి. బాబాయే కవరు చింపి పైకి చదివాడు.

"'మీరు ఈ కార్యక్రమానికి ప్రశ్నలు తయారుచేసేవారిలో ఒకరు అయినందున, నియమాల ప్రకారం పోటీలో పాల్గొనుటకు అర్హులు కారని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' ఇదేంటి? ఎప్పుడు పంపావు ఇది?" మొహం ఎర్రబడింది. వెంటనే తేరుకుని నవ్వాడు. "ఏం సాధించావు? కాదన్నారుగా!"

"ఇంకోసారి చదవండి" అంది పిన్ని.

చదవబోయి సగంలో ఆగిపోయాడు. అప్పటికి నాకూ అర్థమైంది. పిన్నికి ఆ కుర్చీ అక్కర్లేదు. నువ్వెవరని రాసిస్తావు అన్న మాటకి జవాబు కావాలి, అది వాళ్ళ చేతే రాయించుకుంది. ప్రశ్న తయారుచేసినవాళ్ళు తప్పని రాసిస్తే ఆవిణ్ణి మళ్ళీ పిలవాలి. తయారుచేసినది ఎవరో ఇప్పుడు ఆఫీసు ముద్రతో ఉంది.

పిన్ని చీర మార్చుకుని వచ్చింది. ఉత్తరం చేతిసంచిలో పెట్టుకుంది. ఇంకో కాగితం కూడా పెట్టింది, ప్రశ్న తప్పయిందని ముందే రాసి ఉంచినట్టుంది. బుజ్జిగాణ్ణి తీసుకెళ్ళి బాబాయ్ చేతుల్లో పెట్టి, "పది గంటలకి పాలు తాగుతాడు. కాచి ఉంచాను. మేం వచ్చాక మీరు బయల్దేరుదురుగాని" అంది.

బాబాయ్ పిల్లాణ్ణి పట్టుకుని నిలబడ్డాడు, ఎవరిదో సామాను పట్టుకున్నట్టు. అరుస్తాడనుకున్నాను. కాని చాలా చిన్న గొంతుతో అడిగాడు. "పీత కొట్టేసింది ఎవరని అడిగితే?"

పిన్ని నోరు తెరిచి మూసేసింది. ఆ మూయడం నాకు బాగా తెలుసు. నాకూ అదే వచ్చు. అప్పటిదాకా ఆయన ఎదుట తల ఎత్తి మాట్లాడినదాన్ని కాదు, ఇప్పుడు కూడా ఎత్తలేదు. గుమ్మం పక్కన చెప్పులు వేసుకుంటూనే అన్నాను.

"అడిగితే నేను చెబుతాను బాబాయ్. ఆ కార్డు రాసింది నేను."