నాన్న వైపు బ్రేకు

నాన్న డ్రైవింగ్ స్కూల్ కారుకి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలికింద, ఇంకోటి నాన్న కాలికింద. ఆ శనివారం స్టీరింగ్ దగ్గర నేను, పక్కన నాన్న, వెనక అక్క. నడిచే కారులోంచి దిగి పారిపోలేడు కదా అని ఇద్దరం వేసిన ప్లాను.

"నాన్నా, మేనత్తకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కదా. అది పుట్టుకతో వచ్చిన జీన్ మార్పు వల్లనట. నువ్వు తన తమ్ముడివి, నీకూ ఉందేమో ఒక్క రక్తపరీక్ష..." అని మొదలుపెట్టాను.

నాన్న తన బ్రేకు తొక్కాడు, కారు టక్కున ఆగింది. వెనక ఎవరో హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు.

"ఆడవాళ్ళ జబ్బు. నాకెందుకు?"

"జీన్‌కి మీసాల పట్టింపు లేదు నాన్నా. మగాళ్ళకీ ఉంటుంది, పిల్లలకీ దిగుతుంది. ఉంటే జబ్బు వచ్చేసినట్టు కాదు, ముప్పు ఎక్కువని. నీకు లేదంటే మాకూ అది..."

మళ్ళీ బ్రేకు. అక్క నుదురు నా సీటుకి కొట్టుకుంది.

"క్యాన్సర్ దాకా ఎందుకులే నాన్నా, నువ్వే పైకి పంపించేలా ఉన్నావు," అంది అక్క.

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. "డాక్టరు చెప్పాడు. నాకుంటే పిల్లల్లో సగానికి వస్తుందట. నాకున్నది మీరిద్దరు. సగమంటే ఒకతి. ఆ ఒకతి ఎవరో నన్ను తేల్చమంటారా?"

నెలరోజులుగా ఆయన మాట దాటేస్తున్నది ఇందుకా అని నాకు అప్పటికి వెలిగింది.

"అది వాటాల పంపకం కాదు నాన్నా. ఒక్కొక్కరికీ విడిగా బొమ్మా బొరుసూ వేసినట్టు. ఇద్దరికీ రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు."

"ఇద్దరికీనా? ఇదేనా మీరు ధైర్యం చెప్పడం?"

"ముందే తెలిస్తే ఏటేటా స్కానింగులు చేయించుకుంటాం, ఇంకా దారులున్నాయి," అంది అక్క నుదురు రుద్దుకుంటూ. "అత్తయ్యకి ముందు చెప్పినవాళ్ళు లేరు."

నాన్న బ్రేకు మీంచి కాలు తీశాడు. తర్వాత, "ఎడమకి తిప్పు. ఆస్పత్రి అటే. ఇండికేటర్ ఎవరు వేస్తారు, మీ అత్తయ్యా?" అన్నాడు.

ఫలితం వచ్చింది. నాన్నకి ఉంది.

ఇక మా వంతు. రక్తం తీసే గదిలో అక్కా నేనూ తగువు పడ్డాం.

"పెద్దదాన్ని, ముందు నేను."

"సూది చూస్తే పడిపోతావు, తప్పుకో."

నాన్న మా మధ్యలోంచి నర్సు దగ్గరికి వెళ్ళాడు. "ఇద్దరివీ ఒకేరోజు చెప్పేలా చూడండమ్మా. ఒకదాని సంగతి తెలిసి రెండోదానితో అన్నం తినడం నావల్ల కాదు."