ఎగరని జీపు

శ్రావణం వచ్చిందంటే సోమ్లికి ఇంట్లో కాలు నిలవదు. ఈ ఏడు మాత్రం ఎడమ కాలు ఆమె మాట వినడం లేదు. ఎండాకాలంలో పెరట్లో జారిపడితే తుంటి విరిగింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి పంపారు. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది, బండిలో కూర్చోగలదు. కుదుపు మాత్రం తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

తీజ్ పండుగ జరిగేది గుట్ట మీది పాత తండాలో. ఇళ్లన్నీ పెనుబల్లి రోడ్డు పక్కకు దిగివచ్చి చాలా ఏళ్లయింది, అప్పటి నుంచి పండక్కి అందరూ నడిచే ఎక్కుతారు. పైన ఒక చిన్న గుడి, కొన్ని మొండిగోడలు మిగిలాయి. అయినా పెళ్లికాని ఆడపిల్లలు గోధుమలు చల్లిన బుట్టలు పెట్టేది అక్కడే, వాటికి నీళ్లు పోస్తూ పాటలు పాడేది అక్కడే. ఆఖరి రోజు బుట్టల్ని వాగులో కలిపే ముందు, తొలి మొలకలు తుంచి తండాలో అందరికన్నా పెద్దామె చేతిలో పెడతారు. ఇప్పుడు ఆ పెద్దామె సోమ్లి.

"నన్ను పైకి తీస్కపోతరా, పోరా? ఒక్కమాట చెప్పున్రి," అని ఆమె కోడలిని నిలదీసింది.

సువర్ణ వెంటనే ఔననలేకపోయింది. ఆ దారిన ఎక్కగలిగేది ఇంట్లో ఉన్న పాత జీపు ఒక్కటే. ఆ జీపేమో వాగు దాటాక వచ్చే నిటారు మలుపు దగ్గర ఎగురుతోంది.

అది మామ రూప్‌సింగ్ జీపు. తండాకూ సత్తుపల్లి సంతకూ మధ్య ఆయన కిరాయికి తిప్పేవాడు. మిరప బస్తాలు, తునికాకు కట్టలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, బడి పిల్లలు, అందరూ అందులోనే. సువర్ణ డిగ్రీ పరీక్షలు రాసిన ఏడాదే కోడలిగా ఆ ఊరికి వచ్చింది, ఆ జీపులోనే. ముందు సీటు మీద కొత్త తువ్వాలు పరిచి, "కూసో బిడ్డా, నీ బండే అనుకో," అన్నాడు మామ. డీజిలూ బీడీ పొగా కలిసిన ఆ వాసన ఇప్పటికీ సీటు రెక్సిన్‌లో ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఎండ బాగా కాసిన రోజున తలుపు తెరిస్తే ముక్కుకు తగులుతుంది. అప్పుడు సువర్ణ ఏ పని మీద వచ్చిందో మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడుతుంది.

మామ పోయాక జీపు కొన్నాళ్లు రేకుల షెడ్డులో పడి ఉంది. కరెంటాఫీసులో పనిచేసే ఆమె భర్త బలరాం నిరుడు దానికి రంగు వేయించాడు. పెద్ద టైర్లు తొడిగించాడు. అవి లోపల పట్టవని, వెనక ఇరుసుకూ దాన్ని మోసే ఉక్కు పట్టీల కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించి బండిని పైకి లేపాడు. ఆ పట్టీల కట్టను అందరూ కమాను అంటారు. జీపు దర్జాగా కనిపించేది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం వెనక చక్రాలు నేలను పట్టకుండా టపటపా ఎగిరేవి.

"బాపు నడిపినప్పుడు ఎన్నడన్న ఎగిరిందా? లే. నా చేతి గుణమే గట్లుంది," అని బలరాం నొచ్చుకునేవాడు.

"చేతి గుణం సంగతి తర్వాత. ఒకపాలి ఖాళీగ ఎక్కించు, నేను గట్టు మీద కూసోని చూస్త," అంది సువర్ణ.

ఆదివారం పొద్దున ఇద్దరూ వాగు దగ్గరికి వెళ్లారు. సువర్ణ గొడుగు పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, కన్ను చక్రానికి సమంగా ఉండేలా గట్టు వారన కూర్చుంది. బలరాం ఎక్సిలేటర్ తొక్కాడు. జీపు కదలడానికి ముందే వెనక ఇరుసు మధ్యలోంచి ముందుకు పొడుచుకొచ్చిన మెడ పైకి లేచింది. కమాను ముందు సగం మూపురంలా ఉబ్బింది, వెనక సగం కిందికి వంగింది. చక్రం జారింది. మెలిపడిన కమాను ఒక్కసారిగా విప్పుకుని చక్రాన్ని నేలకేసి కొట్టింది. మళ్లీ మెలిపడింది, మళ్లీ కొట్టింది.

"ఆపు, ఆపు! తెలిసింది," అని అరిచింది.

"ఏం తెలిసిందే?"

"దుప్పటి పిండేటప్పుడు చూళ్లే? గట్టిగ మెలిపెట్టి ఒక కొస ఇడిచిపెడితే గిర్రున తిరుగుతది. నీ ఇరుసు గట్లనే చేస్తాంది."

సత్తుపల్లిలో బొగ్గు టిప్పర్ల కమాన్లు బాగుచేసే వీరబాబు ఆమె చెప్పినదంతా విని, జీపు కిందికి దూరి బయటికి వచ్చాడు.

"వదిన చెప్పింది కరెక్టే అన్నా. చక్రం ముందుకు తిరగాలంటే ఇరుసు ఎనక్కి తిరగాలని చూస్తది. దాన్ని పట్టుకునేది కమానొక్కటే. నువ్వేమో దిమ్మలు పెట్టి ఇరుసును దానికి దూరం జేసినవు. ఇంకా ఎక్కువ మెలిపెడతాంది."

"దిమ్మలు తీస్తే బండి పొట్టిగైతది కదరా."

"పొట్టిగైతే ఏంది, అన్నా? ఏమన్న పెళ్లిచూపులా దానికి?"

సువర్ణ నవ్వు ఆపుకోవడానికి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బలరాం అక్కడే నిలబడి దిమ్మలు తీయించి, పాత టైర్లు వేయించాడు. ఇరుసు మెడ లేవకుండా దాని నుంచి ముందున్న బండి చట్రానికి, అంటే చాసిస్‌కు, ఒక గట్టి రాడ్డు కట్టాలని వీరబాబు చెప్పాడు. ఆ రాడ్డు ముందు కొసకు ఉయ్యాల గొలుసులా ముందుకూ వెనక్కీ ఊగే చిన్న ఇనుప లింకు ఉండాలట. దాన్ని చేయించాలి, కొంచెం ఆగాలి.

బలరాం ఆగలేదు. పండుగ దగ్గరపడిందని రోడ్డు మీద వెల్డింగ్ వాళ్లతో రాడ్డు చేయించి, రెండు కొసలూ కదలకుండా బిగించేశాడు. మలుపు దగ్గర మొదటి రాతి మీదికి చక్రం ఎక్కగానే పిస్తోలు పేలినట్టు చప్పుడైంది. చాసిస్ దగ్గర పట్టు చిరిగిపోయి రాడ్డు నేల మీద పడింది.

"గట్టిగ బిగిస్తె మంచిదే కదా అనుకున్న," అన్నాడు తల గోక్కుంటూ.

"చక్రం రాయెక్కినప్పుడు కమాను సాగుతది, మళ్లా ముడుచుకుంటది. దానికి మెసలే జాగ వద్దా? ఇరుసు తిరగకుంట పట్టుకోవాలె గని పీక పిసకొద్దు," అంది సువర్ణ.

ఈసారి వీరబాబు దగ్గరికే వెళ్లారు. అతను పట్టును సరిచేసి, ఊగే లింకు పెట్టి, రాడ్డు బిగించాడు. సువర్ణ దానితో సరిపెట్టుకోలేదు. వెనక వడ్ల బస్తాలు వేయించి, ముందు సీటు మీద అత్త కూర్చునే చోట వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పెట్టింది. పక్కన కూర్చుని మలుపంతా ఆ గిన్నెనే చూసింది. నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి, అంచు మీదుగా కాస్త కారాయి. ఎగిరి మాత్రం పడలేదు.

"ఇగ అత్తను కూసోబెట్టొచ్చు," అంది.

పండుగ ఆఖరి రోజు వాన వెలిసి గుట్ట పచ్చగా తడిసి ఉంది. నడుము కింద దిండ్లు సర్ది సోమ్లిని ముందు సీటులో కూర్చోబెట్టారు. గాజుల చేతులు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా దారంతా చూస్తూ వచ్చిందామె. వాగు దాటి మలుపు మొదట్లోకి రాగానే, "ఆపు!" అని కేకేసింది.

బలరాం ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. "ఏమైంది యాడీ? నొప్పా?" తల్లిని అతను యాడీ అనే పిలుస్తాడు.

"నొప్పి లేదు, గిప్పి లేదు. అందరు దిగున్రి. మీ బాపు ఈడ అందర్ని దింపేటోడు."

"నేనెన్నడు దిగినట్టు యాది లేదే?"

"నీకెందుకుంటది? జీపు ఆగకముందే దునికి అడ్డదారిన పైకి ఉరికేటోనివి. పైకొచ్చినంకనే నీకు మళ్లా బండి కనబడేది."

"మరి బాపు జీపు ఎగరకపోయేది కదా?"

"ఎగరకపోవుడేంది?" సోమ్లి పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. "మేకపిల్ల లెక్క ఎగిరేది! అందుకే కదా దింపేది. ఖాళీ బండి నడిమిట్ల ఆగిపోతె జారకుంట చక్రం కింద పెట్టనీకి నేను రాయి పట్కొని ఎనకనే నడిచేదాన్ని. నేను ఎనక లేకుంటె గేరే ఎయ్యకపోయేటోడు, ముసలోడు."

బలరాం స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి తల్లి వైపు తిరిగాడు. ఇన్నాళ్లుగా తన చేతిని తండ్రి చేతితో పోల్చుకుని నొచ్చుకున్నవాడు, ఇప్పుడు మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆ రాళ్లేం చేసేదానివత్తా?" సువర్ణ అడిగింది.

"పైకి మోసినంక మళ్లా కిందికెవరు మోస్తరే? ఆడ్నే ఏసేదాన్ని. రాయి మీద రాయి పేర్చి మీ మామ అరుగు కట్టిండు. తీజ్ బుట్టలు పెట్టేది ఎక్కడనుకున్నవ్?"

గుట్టంతా ఎర్ర రాయి. ఆ అరుగు ఒక్కటే నల్లటి వాగు రాళ్లది. ఇన్ని శ్రావణాలు ఆ అరుగు కడిగి పసుపు రాసింది సువర్ణే. అంత బరువు రాళ్లు అంత పైకి ఎలా చేరాయో ఆమెకు ఏనాడూ తట్టలేదు.

ఆమె జీపు దిగింది. వాగులోకి నడిచి రెండు చేతులకూ సరిపడే రాయి ఒకటి ఎత్తుకుని చక్రం వెనక నిలబడింది. "పోనీయ్," అంది.

జీపు కదిలింది. ఇరుసు మెడ లేవలేదు. రాళ్లు వచ్చినచోట చిన్న లింకు ముందుకు ఊగి వెనక్కి వచ్చేది, అంతే. చక్రాలు బురదను పట్టి, తొందర లేని ఎద్దుల్లా మలుపంతా ఎక్కాయి. తడిసిన రాయిని పొట్టకు ఆనించుకుని సువర్ణ వెనకాలే నడిచింది. ముందు సీటులోంచి సోమ్లి మెడ తిప్పి తిప్పి, ఆమె ఉందో లేదోనని చూస్తూనే ఉంది.

పైన ఆడపిల్లలు పాట ఆపి జీపు చుట్టూ చేరారు. ఇద్దరు పట్టుకుని సోమ్లిని అరుగు మీద కూర్చోబెట్టారు. ఒక పిల్ల లేత పసుపు మొలకలు తుంచి ఆమె దోసిట్లో పెట్టింది. సోమ్లి వాటిని కళ్లకద్దుకుని కొన్ని తలలో తురుముకుంది. తర్వాత రొప్పుతూ నిలబడ్డ కోడలి చేతుల్లోకి చూసింది.

"గుండ్రాయి తెస్తివేందే? చక్రం కింద ఆగుతదా ఇది? దొర్లిపోదా? బల్ల రాయి తేవాలె."

"జీపు ఎగరలేదు కదత్తా!"

"ఎగరకపోతె ఏంది? అరుగు మీదన్న నిలవాలె కదా."

సువర్ణ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. నిజమే, ఎటు పెట్టినా దొర్లేలా ఉంది. దాన్ని పక్కన దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, బల్లపరుపు రాయి కోసం మళ్లీ వాగులోకి దిగింది.