కలుపు మొలవని పెరడు

ఆ ఇంటి పెరట్లో గడ్డిపరక కూడా మొలిచేది కాదు. చూసినవాళ్ళంతా "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా!" అని మెచ్చుకునేవారు. ఆ ఇంటాయన బ్యాటరీలు బాగుచేసేవాడు. బ్యాటరీల్లోంచి తీసిన పాత పలకలు కడిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ మట్టిలోనే పారబోసేవాడు. కలుపు పీకే బాధ తప్పిందని ఇంటిల్లిపాదీ సంతోషించారే గాని, ఎందుకు మొలవడం లేదని ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడు అతని తల్లి, కాలం చేసిన భర్త దాచిన చిక్కుడు గింజలు అక్కడ నాటింది. ఆయన చేతి గింజలు ఇక అవే. మొలకలు రెండాకులు విప్పి, పాలిపోయి, అక్కడే ఆగిపోయాయి.

"గింజలు పాతబడ్డాయమ్మా," అన్నాడు కొడుకు.

"ఆ గింజల్ని ఏమీ అనకురా. మీ నాన్నని అన్నట్టుంటుంది."

"సరే తల్లీ, గింజలు మంచివే. నేనే చెడ్డవాణ్ణి!"

కోడలు నవ్వాపుకుంది. తాను పగిలిన బకెట్టులో పుట్టింటి మట్టి నింపి, అత్తగారి దగ్గర మిగిలిన నాలుగు గింజలు వేసింది. అవి మాత్రం దిట్టంగా ఎదిగాయి.

ఒకరోజు అత్తగారు మనసు రాకపోయినా బకెట్టులోని మొక్క ఒకటి, పెరట్లోది ఒకటి పీకి, బట్టలుతికే రాతిమీద పక్కపక్కనే పెట్టింది. ఒకదాని వేర్లు తెల్లగా, దారాల్లా అల్లుకున్నాయి. రెండోదాని వేరు నల్లగా, మొద్దుగా, గోరంత ఉంది.

"గింజలు అవే, నీళ్ళూ అవే," అంది కోడలు. "మట్టే వేరు, అత్తయ్యా."

కొడుకు వంగి ఆ వేర్లు చూశాడు. అటు పక్కన పాకుతున్న వాళ్ళ పాప పిడికెడు మట్టి నోటి దగ్గరికి తీసుకుంది. అతను ఒక్క ఉదుటున వెళ్ళి పాపను ఎత్తుకుని, పిడికిలి విప్పి కడిగాడు. మర్నాడే పెరటి మట్టిని పరీక్షకి ఇచ్చాడు.

మట్టిని పరీక్షించిన అధికారి చెప్పాడు: "సీసం బాగా చేరింది. మొక్కలో ముందు దెబ్బతినేది వేరు. అది ఎదగకపోతే మొక్క నీళ్ళు తాగలేదు. ఆకు వాడేదాకా మనకు తెలియదు. పాపకి వెంటనే రక్తపరీక్ష చేయించండి."

"పాప రక్తంలో సీసం కొంచెమే చేరింది. తొందరగానే వచ్చారు, తగ్గిపోతుంది," అంది రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ.

బ్యాటరీల కొట్టు ఊరి చివర సిమెంటు నేల ఉన్న షెడ్డుకి మారింది. కడిగిన నీళ్ళు పీపాల్లోకి పట్టి, శుద్ధిచేసేవాళ్ళకి అప్పగిస్తున్నారు. పెరట్లో పైమట్టి తవ్వించేసి, బండలు పరిపించారు. బకెట్టులోని తీగ గోడెక్కి కాసింది.

ఎండిన కాయలు వలిచి అత్తగారు ఊళ్ళో బ్యాటరీల పని చేసే ఇళ్ళన్నిటికీ గింజలు పంచింది.

"ఒకటి మీ పెరట్లో వెయ్యండి, ఒకటి బయటి మట్టిలో వెయ్యండి. పీకి వేర్లు చూసుకోండి. మన పని మనకి అన్నం పెడుతుంది, కాదనను. కానీ ఆ పని వదిలిన మురికి ఎక్కడికి పోతోందో చూసుకోవడం కూడా మన పనేనమ్మా."