జేబున్న కుర్తా

నేను ఒక కత్తెరను. బట్టల కత్తెరను. ఆ రెండో మాట గురించే చీరాలలోని ఆ ఇంట్లో మంగళవారం పొద్దున్నే గొడవ మొదలైంది. ఇంటాయన గురునాథం నాతో పాల ప్యాకెట్ కోశాడు.

"ప్యాకెట్ కోస్తే అరిగిపోతుందా?" అన్నాడు.

"మీ షేవింగు బ్లేడుతో నేను వంకాయలు తరిగితే మీకెలా ఉంటుందండీ?" అంది అతని భార్య కాత్యాయని, నన్ను పొడిగుడ్డతో తుడుస్తూ.

నేను పాత లారీ స్ప్రింగు ముక్కలోంచి పుట్టాను. కొలిమిలో కాలాను, సమ్మెట దెబ్బలు తిన్నాను. ఇరవయ్యేళ్లు దర్జీ మస్తాన్ గారి చేతిలో స్కూలు యూనిఫారాలు కత్తిరించాను. చూపు ఆనక ఆయన కొట్టు మూసినప్పుడు, కాలేజీ సెలవుల్లో ఆయన దగ్గర కుట్టు నేర్చుకున్న కాత్యాయనికి నన్నిచ్చాడు. "గుడ్డ తప్ప ఇంకేం కొయ్యనివ్వకమ్మా" అన్నాడు. పెళ్లై అత్తారింటికి వచ్చాక పదకొండేళ్లు నాతో గుడ్డ తప్ప అన్నీ కోశారు. కొత్తిమీర కట్టలు, మందుల పట్టీలు, ఒకసారి ఫ్యాను తీగ కూడా. మనుషులకు పదునైనది కనిపిస్తే ఊరికే ఉండనివ్వరు.

వాకిట్లో స్కూటరు ఖాళీగా ఉంది. గురునాథం బస్సులో ఆఫీసుకు వెళతాడు. తను నేర్చుకుంటానని కాత్యాయని అడిగితే, "చీరతోనా? చక్రంలో చుట్టుకుంటుంది" అన్నాడు. సరే, డ్రెస్సు వేసుకుంటానంటే అత్తగారు సీతారావమ్మ, "ఈ ఇంటి కోడళ్లు చీరలే కడతారు" అంది. కొడుకు మాటా తల్లి మాటా నా రెండు అంచుల్లా కలుసుకుని ఆమె కోరికను మధ్యకు కోసేశాయి. పోనీ అని బజారు దర్జీ దగ్గరికి వెళ్లి జేబున్న కుర్తా కుట్టమంటే, "ఆడవాళ్లకు జేబెందుకమ్మా?" అని నవ్వాడు.

ఆ మంగళవారం వంటయ్యాక కాత్యాయని నేత గుడ్డను నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేసి నేల మీద పరిచింది. చెల్లెలు మర్చిపోయి వెళ్లిన వదులు కుర్తాను సగానికి మడిచి దానిపై పెట్టింది. అరిగిన సబ్బు బిళ్లతో చుట్టూ రెండు వేళ్ల ఎడంగా గీత గీసింది. ఒక్కసారి కత్తిరిస్తే ముందూ వెనకా చేతులూ ఒకే ముక్కగా వస్తాయి. భుజాల దగ్గర కుట్టే ఉండదు. పక్క కుట్లు రెండు వేసి, అంచులు మడిస్తే చాలు. నాకు ప్రాణం లేచివచ్చింది. గుడ్డలో కరకరలాడుతూ సాగాను.

మెడ దగ్గరికి వచ్చాం. వెనక మెడ పైపైన కత్తిరించి, ఆ తర్వాత ముందు భాగం ఒక్కటే లోతు చేయాలి.

"మంగళవారం కొత్త గుడ్డ కోస్తావుటే!" సీతారావమ్మ గుమ్మంలోంచి కేక పెట్టింది.

కాత్యాయని ఉలిక్కిపడింది. నేను నాలుగు పొరల్నీ లోతుగా కోసేశాను, వెనక మెడ కూడా ముందులాగే దిగిపోయింది.

"చెప్తే విన్నావా? పోయింది గుడ్డ."

"పోలేదత్తయ్యా. గుడ్డ చాలా మిగిలింది."

మిగిలిన ముక్కలోంచి నెలవంక లాంటి పట్టీ కత్తిరించి వెనక మెడకు అతికించింది. ఇంకో ముక్క కుడిపక్క జేబైంది. చేతి కుట్టు మిషను చకచకా తిరిగింది. సీతారావమ్మ మంచం మీదనుంచి చూస్తూనే ఉంది. చివరికి, "ఆ పట్టీ చూస్తే కావాలని పెట్టినట్టే ఉంది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

రాత్రి భోజనాలకు కాత్యాయని కుర్తా పైజమా వేసుకుని వచ్చింది. గిన్నెలు మధ్యలో పెట్టి తనూ కంచం ముందు కూర్చుంది. గురునాథం చేతిలో ముద్ద ఆగిపోయింది.

"రేపట్నుంచి పొద్దున్న ఆరింటికి స్కూటరు నేర్చుకోడానికి వెళ్తున్నా. ఎదురింటి లైబ్రేరియన్ గారు నేర్పిస్తానన్నారు. కాఫీ మీరే కలుపుకోండి."

సీతారావమ్మ పచ్చడి వేసుకుంది. గురునాథం తల్లివంక చూశాడు, గోడకు నన్ను తగిలించే మేకువంక చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

"మరి పాల ప్యాకెట్టు?"

"మీకు పళ్లున్నాయిగా, కొరకండి," అంది కాత్యాయని, పప్పు కలుపుకుంటూ.

నేను అప్పటికే ట్రంకు పెట్టెలో, నూనె రాసుకుని, మిగిలిన గుడ్డ మీద పడుకుని వింటున్నాను. పెట్టె తాళంచెవి ఆమె జేబులో ఉంది.