జంగమ్మ కుట్టిన అంచు

జంగమ్మ చేతి కుట్టును పెన్‌పహాడులో ఎవరైనా గుర్తుపడతారు. గొంగడి నేసేది మగవాళ్ళు. ఉన్ని వడికేదీ, అంచు కుట్టేదీ ఆడవాళ్ళు. అంచు ఊడకుండా ఉంటే చాలనుకునేవాళ్ళు మిగతావాళ్ళు. జంగమ్మకు అది చాలేది కాదు. నల్లటి అంచు పొడుగునా తెల్ల ఉన్ని దారంతో చిన్న చిన్న గొర్రె గిట్టలు వేసేది, మంద ఆ దారినే నడిచి పోయినట్టు. ఎవరు నేర్పారని అడిగితే, "గొర్లే నేర్పినయ్" అనేది. ఆ పొగరు ఆమెకు అందంగా ఉండేది.

ఇప్పుడా సూది చూరులో తుప్పు పడుతోంది.

సంగతి రజాకార్ల నాటిది. తల్లి పోయాక జంగమ్మే పెంచిన తమ్ముడు బీరన్న, రజాకార్లతో పోరాడే సంఘంలో చేరి హుజూర్‌నగర్ వైపు తిరుగుతుండేవాడు. ఒకనాడు పొద్దున్నే రజాకార్లు ఊళ్ళోకి వచ్చి ఒక గొంగడిని నడివీధిలో పరిచారు. పారిపోతూ ఎవడో వదిలేసినదట. ఎవడిదో చెప్పమని అందరినీ నిలబెట్టారు. గొంగళ్ళు నేసే కాటయ్యకు తెలియకుండా ఉంటుందా అని అతన్ని ముందుకు లాగి, కుడిచేతి వేళ్ళు రాయి మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టారు. అయినా కాటయ్య ఎవరి పేరూ చెప్పలేదు.

అప్పుడే నీళ్ళ బిందెతో వస్తోంది జంగమ్మ. గొర్రెలు కాసేవాళ్ళ ఇళ్ళకు మనిషి రాకుండా గొంగడి ఒక్కటే రాదు. వచ్చిందంటే ఆ మనిషి అడవిలోనే పోయాడని అర్థం. తమ్ముడి కోసం తాను అంచు మీద కుట్టిన తెల్ల గిట్టలు కంటబడగానే బిందె వదిలేసి, "ఓ తమ్మీ! బీరన్నా!" అంటూ గొంగడి మీద పడి గుండెలు బాదుకుంది.

బీరన్న అప్పటికి బతికే ఉన్నాడు.

వాళ్ళకు పేరు దొరికింది, ఇల్లు దొరికింది. కాపు కాశారు. అక్క చేతి బువ్వ కోసం వచ్చినవాణ్ణి గొర్రెల దొడ్డి దగ్గరే కాల్చేశారు.

ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్లు చెల్లాచెదురయ్యారు. ఊరు మాత్రం తన తీర్పు తాను చెప్పుకుంది. కాటయ్య వేళ్ళు పోయినా నోరు విప్పని మొనగాడు, జంగమ్మ అరిచి తమ్ముణ్ణి చంపుకున్న దరిద్రురాలు. దెబ్బలు తిననివాళ్ళకు తీర్పులు చెప్పడం ఎంత సుఖమో! అయితే జంగమ్మ మీద ఊరికంటే జంగమ్మకే ఎక్కువ కక్ష. సూర్యాపేట అంగడిలో ఉన్ని అమ్ముకుని బతుకుతూ, ఇంట్లో ఒక్క గొంగడి కూడా ఉంచుకోలేదు. చలికాలమంతా చీర కొంగు కప్పుకుని వణికేది. తనలాంటిదానికి వెచ్చదనం దేనికని.

మరుసటి ఏడు చలికాలంలో, ఒక సాయంత్రం కాటయ్య కొత్త గొంగడి భుజాన వేసుకుని గడపలోకి వచ్చాడు. జంగమ్మ చూపు అతని కుడిచేతి మీద పడింది. తన అరుపు వల్లే కదా అతని వేళ్ళు ఉత్త పుణ్యానికి పోయాయి. కడుపులో ఉన్నదంతా కక్కి తిట్టిపోతాడనుకుంది.

"బిడ్డ పెండ్లి కుదిరింది చెల్లె. పిల్లగానిది కోదాడ దిక్కు అనంతగిరి. పీటల మీద పరిచెతందుకు గొంగడి నేసిన. అంచు నువ్వే కుట్టాలె."

ఆమె గొంగడి చూసింది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఒకప్పుడు కాటయ్య నేత నీళ్ళు పోసినా దిగేది కాదు.

"నా చెయ్యి మంచిది గాదన్నా. శుభకార్యానికి నా కుట్టెందుకు? నా తమ్ముణ్ణి నేనే మింగిన."

కాటయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"జర ఇను చెల్లె. మూడో వేలు ఇరిగినంక నాతోని కాలే. గది జంగమ్మ కుట్టని చెప్పెతందుకు నోరు తెరిసిన. నీ పేరు నాలిక మీదికొచ్చింది. గంతల్నే నువ్వు అరిసినవ్. నువ్వు జర ఆలిశంగ వస్తే చెప్పినోణ్ణి నేనే అయితుంటి. ఊరంత నన్ను మొనగాడంటుంటే బువ్వ దిగుతలేదు."

జంగమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఇన్ని దినాలు ఏడ వోయినవ్? ఊరు నా మొకాన ఉమ్మేస్తుంటే సూసుకుంట కూసున్నవా?"

"కూసున్న," అన్నాడు కాటయ్య తలెత్తకుండా. "సిగ్గయింది. పెండ్లి పందిట్ల అందరి ముంగట చెప్త. నువ్వు అంచు కుట్టకున్నా చెప్త."

జంగమ్మ గోడకు ఆనుకుని బోరున ఏడ్చింది. తమ్ముడి కోసం ఎన్నోసార్లు ఏడ్చింది గాని, తన కోసం ఏడవడం ఇదే మొదలు. ఆనాడు వీధిలో బిందె వదిలేసిన ఆడదాని మీద ఆమెకు జాలేసింది. పాపం, దానికేం తెలుసు? తమ్ముడు పోయాడనుకుంది. కాటయ్య వేళ్ళ వంక చూస్తే అతని మీద కోపమూ నిలవలేదు, అలాగని పూర్తిగా పోనూ లేదు.

లేచి చూరులో చెయ్యి పెట్టింది. సూదిని బండ మీద రుద్ది, తెల్ల దారం ఎక్కించి, గొంగడిని ఒళ్ళోకి లాక్కుంది. మొదటి గిట్ట వంకరగా పడింది. విప్పబోయి ఆగింది. కుంటి గొర్రె కూడా మందలోదే కదా అనుకుని రెండోది మొదలుపెట్టింది.

"మళ్ల ఎప్పుడు రమ్మంటవ్ చెల్లె?"

"పెండ్లినాడే. అందాక ఇది నా తాన్నే ఉంటది. కొత్త గొంగడి ఒంటికి పొడుస్తది, పిల్ల కూసోలేదు. రోజూ కప్పుకుని పండుకుని మెత్తగ చేసిస్త."

అంటూనే, అంచు చేతిలోంచి వదలకుండా, మిగతా గొంగడిని తన భుజాల మీదికి లాక్కుంది.