కాయితానికెక్కని ఎనిమిది వందలు

ఏటిగూడెంలో దశరథం మగ్గం కిరాయి గదిలో ఉండేది. గది పల్లంలో ఉంది. వాన పడితే మగ్గం గుంతలో నీళ్ళూరేవి. శ్రావణ భాద్రపదాల్లో నేత ఆగిపోయేది. ఆ రెండు నెలలు దశరథం కూలికి పోయేవాడు. అతని భార్య అండాలు గుంతలోని నీళ్ళు చెంబుతో తోడి బయట పోసేది. పదకొండేళ్ళు తోడింది.

గడపలో కూర్చుని నూలు కండెలు చుట్టేటప్పుడు ఆమెకు ఎదురుగా ఒక ఇల్లు కనిపించేది. మోకాలెత్తు రాతి పునాది, రెండు గదులు, ముందు పెంకుల వసారా. ఆ ఇల్లు తమదైతే మగ్గం ఏ గదిలో వేయాలో, ఏ కిటికీ వెలుతురు పడుగు మీద పడుతుందో అండాలు ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. మొగునికి కూడా చెప్పలేదు.

ఇల్లు కట్టిన నూలు వ్యాపారి 1957 ఎండాకాలంలో పోయాడు. కొడుకు కాటమయ్యకు దేవరకొండలో కిరాణా దుకాణం. కూతురు శ్యామలమ్మను దేవరకొండకు ఆరు కోసుల దూరంలో ఉన్న ఊరికి ఇచ్చారు. తండ్రి సంపాదించిన దాంట్లో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇవ్వాలని అంతకు ముందు ఏడే చట్టం వచ్చింది. కాటమయ్య ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పదిహేను వందలన్నాడు.

బేరం అతని దుకాణంలో తెగింది. కాయితంలో ఏడు వందలు రాద్దామని, మిగతా ఎనిమిది వందలు తన చేతికి ఇవ్వమని కాటమయ్య అన్నాడు. ఎందుకని దశరథం అడిగాడు. స్టాంపు ఖర్చు తగ్గుతుందన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"మా చెల్లెకు సగం ఇయ్యాలె గద. ఏడు వందల్ల సగమంటే మూడు వందల యాభై."

దశరథం భార్య వైపు చూశాడు.

"ఎట్లనన్న రాసుకో అన్న," అంది అండాలు. "ఇల్లు మాత్రం మాకే ఇయ్యి."

కూడబెట్టింది చాలలేదు. అండాలు కాళ్ళ కడియాలు అమ్మింది. ఎనిమిది వందలు తువ్వాలలో కట్టి దుకాణంలో ఇచ్చారు. మరునాడు రిజిస్ట్రీ ఆఫీసుకు శ్యామలమ్మ వచ్చి వేలిముద్ర వేసింది. అన్న ఇచ్చిన మూడు వందల యాభై కొంగున ముడేసుకుంది. పైకం తక్కువైందని అనలేదు.

కృష్ణ మీద ప్రాజెక్టు పని అప్పటికే మొదలైంది. నీళ్ళు ఏటిగూడెం దాకా రావనుకున్నారు. సర్వేవాళ్ళు మొదట మునక హద్దు రాళ్ళు పాతింది ఊరికి దిగువనే. 1961లో మళ్ళీ వచ్చి ఊరి ఎగువన గుట్ట మీద పాతారు; ఊరంతా మునకలోకి వచ్చింది. అప్పటికి ఆ ఇంట్లో నాలుగు వానాకాలాలు మగ్గం ఆగకుండా ఆడింది.

1963లో పరిహారం రాసే అధికారి బడిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కట్టి చాలా ఏళ్ళయిన ఇళ్ళకు గోడలు కొలిచి ధర కట్టారు. ఈమధ్య కొన్న ఇళ్ళకు కాయితంలో ఉన్నదే ధర. అండాలు ఇంటికి ఏడు వందలు రాశారు. కొత్త కాలనీలో జాగా ఊరికే ఇస్తారు. మగ్గం పట్టే ఇల్లు కట్టాలంటే, పాత దూలాలు, పెంకులు వాడుకున్నా వెయ్యి దాటుతుందని మేస్త్రి చెప్పాడు. ఏడు వందలకు ఒక గది లేస్తుంది. అందులో మగ్గమైనా ఉండాలి, మనుషులైనా ఉండాలి. దశరథం షోలాపూరు మిల్లుకు పోతానన్నాడు. అక్కడికి పోయినవాళ్ళు ఏడాదికోసారి వస్తున్నారు. కొందరు రావడం లేదు.

అమ్మినవాళ్ళు వచ్చి అసలు ధర ఎంతో వాంగ్మూలం ఇస్తే మార్చి రాస్తానని అధికారి అన్నాడు. అండాలు దేవరకొండ బస్సెక్కింది.

కాటమయ్య ఆమెను కూర్చోమన్నాడు, చాయ తెప్పించాడు. సంగతి విన్నాక గల్లాపెట్టె మూత వేశాడు.

"ఎనిమిది వందలా? ఎవరు జూసిన్రు?"

"నేనే ఇస్తిని గదన్న, గీ దుకాణంలనే."

"ఇచ్చినవు. నేను కాదంటలేను. రాసియ్యమంటే మాత్రం రాయ. రేపు నా చెల్లె చెవుల పడితే నేను ఆమె ముందల ఎట్ల నిలబడాలె?" ఇల్లు కట్టుకోవడానికి యాభై రూపాయలు సాయం చేస్తానన్నాడు. అండాలు తీసుకోలేదు.

"గప్పుడు నీకు తెల్వకనా?" అన్నాడు, ఆమె లేస్తుంటే. "మా చెల్లె వాటా తగ్గితేనే నీకు ఇల్లొచ్చె."

అండాలు బయటికి వచ్చింది. ఏటిగూడెం బస్సుకు గంట టైముంది. ఆమె శ్యామలమ్మ ఊరి బస్సెక్కింది. శ్యామలమ్మకు అన్న దగ్గర నాలుగు వందలు రావాలి. ఆ సంగతి తెలిస్తే ఆమే అన్నను నిలదీస్తుంది, అతను ఒప్పుకోక తప్పదు. బస్సులో అండాలు వేసుకున్న లెక్క అది.

శ్యామలమ్మ కందులు విసురుతూ ఉంది. అండాలు దాచకుండా అంతా చెప్పింది, తాను ఒప్పుకున్న సంగతితో సహా. విసుర్రాయి ఆగలేదు.

"నాకు ఎరికే," అంది శ్యామలమ్మ.

"ఎవరు చెప్పిన్రక్క?"

"రిజిస్ట్రీ నాడు నీ కాళ్ళు జూసిన. బోసిగున్నయి. మా నాయినింటికి వచ్చినప్పుడల్ల నువ్వు కండెలు సుట్టంగ మీ గడపల చూసేదాన్ని, కడియాలు ఎన్నడు తీయలె. ఏడు వందల ఇంటికి కడియాలు అమ్ముకుంటరా ఎవరన్న?"

మరి ఎందుకు అడగలేదని అండాలు అన్నది. శ్యామలమ్మ కందులు ఇంకో గుప్పెడు పోసింది. ఇల్లు అమ్మాక పుట్టింటి తరఫున మిగిలింది అన్న గడప ఒక్కటేనని, అడిగితే అదీ పోతుందనుకున్నానని చెప్పింది. అడగకపోయినా పోయింది. ఆరేళ్ళుగా కాటమయ్య ఆమెను పిలవలేదు. అంతకు ముందు మూడేళ్ళకోసారి మాఘంలో పిలిచి ఒడిబియ్యం పోసేవాళ్ళు. పసుపు కలిపిన బియ్యం, రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడకలు. ఇంటి ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు పోయాలి, వేరేవాళ్ళు పోసేది కాదు.

"పైసలు తిన్నడు గదా, నా మొకం జూస్తలేడు," అంది. "గా పైసలు నాకు ముట్టినయంటే?"

అండాలుకు అర్థం కాలేదు.

"కాయితం మీద నా వేలిముద్ర గూడ ఉన్నది. నేను గూడ అమ్మినదాన్నే. ఇల్లు పదిహేను వందలకు అమ్మినం, నా సగం ఏడు వందల యాభై మా అన్న నాకిచ్చిండు అని చెప్త. ఇగ ఆయన నాకు బాకీ లేడు."

"నీకు ముట్టలే గదక్క."

"ముట్టలే. నీకు ఇల్లు గావాల్నా వద్దా?"

రెండు రోజుల తర్వాత శ్యామలమ్మ ఏటిగూడెం వచ్చి బడిలో వాంగ్మూలం ఇచ్చింది. అధికారి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఒకే మాట చెప్పింది. తన వాటా సంగతే ఆమె చెప్పగలదు, అన్న వాటా కాదు అని అధికారి తేల్చాడు. ఆమె సగం ఏడు వందల యాభై, కాటమయ్య సగం కాయితంలో ఉన్న మూడు వందల యాభై. మొత్తం పదకొండు వందలు రాశాడు.

పోయేముందు శ్యామలమ్మ ఆ ఇంట్లో కొంతసేపు కూర్చుంది. మగ్గం ఆడుతుంటే చూసింది. బస్సు దగ్గర అండాలుతో ఒకటే చెప్పింది. అన్న దుకాణానికి పోయి ఈ సంగతి చెప్పమంది. ఇక పిలవచ్చునని చెప్పమంది.

అండాలు పోయి చెప్పింది. కాటమయ్య బెల్లం తూస్తున్నాడు. తూకం పూర్తి చేసి, పొట్లం కట్టి, గిరాకీని పంపించాడు.

"గట్ల చెప్పుమని ఎవరన్నరు ఆమెను?"

"ఎవరనలే. ఇగ పిలవొచ్చని చెప్పుమన్నది."

"నేను ఇచ్చిన్నని చెప్పిందా? సర్కారోళ్ళ ముందట?"

"చెప్పింది."

కాటమయ్య తక్కెడ పళ్ళెం తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత, ఇంతకన్నా ఆమె వచ్చి దుకాణం ముందు నిలబడి తిట్టినా బాగుండేదన్నాడు.

కొత్త కాలనీలో అండాలు ఇల్లు 1964 జ్యేష్ఠంలో లేచింది. రెండు గదులు, ఒకదానికి గచ్చు లేదు. మగ్గం గచ్చు లేని గదిలో వేశారు. దశరథం షోలాపూరు పోలేదు. ఆ వానాకాలం గుంతలోకి నీళ్ళు రాలేదు.

మాఘం వచ్చింది. కాటమయ్య చెల్లెలిని పిలవలేదు. మరుసటి మాఘంలోనూ పిలవలేదు. అండాలు నూలు కోసం నెలకోసారి దేవరకొండ పోతుంది. దుకాణం ముందు నుంచి పోతుంటే కాటమయ్య పిలిచి, శ్యామల మంచిగున్నదా అని అడుగుతాడు. నువ్వే పోయి అడుగరాదే అంటుంది. తలూపుతాడు.

సంతలో కలిసినప్పుడు శ్యామలమ్మ కూడా అండాలును ఇల్లెట్లున్నదని అడగదు, మగ్గం సంగతి అడగదు. ముందుగా అడిగేది ఒకటే.

"అన్న దుకాణం దిక్కు పోయినవా?"

పోయినానని అండాలు చెబుతుంది. అండాలు ఇంకా ఏమన్నా చెబుతుందేమోనని శ్యామలమ్మ ఆగుతుంది.